వంశం పళ్ళు

మా నాన్నగారు జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరరు. క్రోమోజోముల బొమ్మ కళ్ళు మూసుకుని గీసేవారు. చింతలపూడి దగ్గర మా ఊళ్ళో ఆయనకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. ఆయన చెప్పేది అర్థమైతే కదా, ఎదురు చెప్పడానికి!

తాతగారికి, నాన్నగారికి, అక్కకి, నాకు పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. ఇంకొకరైతే సిగ్గుపడేవారు. నాన్నగారు మాత్రం అది మా వంశం ముద్ర అనేవారు. వీధిలో మిగతావాళ్ళకీ అవే చారలుండేవి గానీ, వాళ్ళవి బొగ్గుతో తోముకోవడం వల్ల పట్టిన మురికని తేల్చేశారు. కొల్లేటికోట నుంచి కోడలిగా వచ్చిన అమ్మ పళ్ళు తెల్లగా ఉండేవి. "మీ అమ్మ జీన్స్ మన వాటి ముందు నిలబడలేదమ్మా" అని మా దగ్గర జాలిపడేవారు. అమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వడ్డించేది.

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, తాడేపల్లిగూడెం నుంచి పెళ్ళివారు అక్కని చూసుకోవడానికి వచ్చారు. పెళ్ళికొడుకు ఏదో అని అక్కని నవ్వించాడు. అతని తల్లి ఆ నవ్వునే చూసింది.

"ఏవండీ, అమ్మాయి పళ్ళకి ఆ చారలేంటండీ? మీ వంశంలో ఉందాండీ?" అని మెత్తగా అడిగింది.

ఇంకే తండ్రయినా మాట మార్చేవాడు. మా నాన్నగారు క్లాసులోలాగా లేచి నిలబడ్డారు.

"చాలా బలమైన జీన్ అండీ. మా నాన్నగారి నుంచి నాకు, నా నుంచి పిల్లలకి. రేపు మీ మనవలకీ తప్పకుండా వస్తుందండీ!"

ఆవిడ చేతిలో స్వీటు ప్లేటులో పెట్టేసింది. తర్వాత జాతకాలు కుదరలేదని కబురొచ్చింది. అక్క రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మా ముందు వాటాలో టైలరు గారి కుటుంబం అద్దెకుండేది. వాళ్ళది ఏలూరు. అక్కడ పెరిగిన పెద్దమ్మాయి పళ్ళు తెల్లగా ఉండేవి. మా ఇంటికొచ్చాక పుట్టిన ఇద్దరు పిల్లలకీ పాలపళ్ళు ఊడి, అప్పుడే కొత్త పళ్ళు వస్తున్నాయి.

"మా చిన్నోళ్ళకి అచ్చం మీ పళ్ళే వచ్చాయండీ సార్" అంది టైలరు గారి భార్య, వాకిట్లో అందరూ వినేలా.

నాన్నగారి మొహం పాలిపోయింది. ఆయన సిద్ధాంతమే నిజమైతే ఆ పిల్లలు ఎవరి వంశమో చెప్పాల్సింది ఆయనే. అమ్మ లోపలికెళ్ళి పడీ పడీ నవ్వింది.

ఆ వారమే ఏలూరులో పళ్ళ డాక్టరు ఆ పిల్లల్ని చూసి, మా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని, చిన్నప్పుడు అవి తాగితే ఎవరికైనా ఇంతేనని చెప్పాడు. ఆ మాట పెళ్ళివారికి చెప్పడానికి నాన్నగారు మర్నాడే తాడేపల్లిగూడెం బస్సెక్కారు. అప్పటికే ఆ అబ్బాయికి వేరే సంబంధం ఖాయమైపోయింది.

తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా అక్కని కూర్చోబెట్టారు. "జీన్స్ ఒక్కటే కాదమ్మా, తాగే నీళ్ళు, తినే తిండి, ఇవన్నీ కలిసే మనిషి..." అని మళ్ళీ పాఠం మొదలెట్టారు.

అక్క మధ్యలోనే లేచింది.

"ఆవిడ అడిగినప్పుడు తెలీదండీ అని ఉంటే సరిపోయేది నాన్నగారూ. నాకు ఆ అబ్బాయి నచ్చాడు."