మజిల్ పుల్

మొన్న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలోని క్లినిక్‌లో డాక్టరు నా ఎమ్మారై ఫిల్ము వెలుగుకి పెట్టి, వెన్నుపూసలు అరిగిపోయాయనీ, వాటి మధ్య నరం నలుగుతోందనీ చెప్పి, నొప్పి ఎలా ఉంటుందని ఇంగ్లీషులో అడిగాడు. ఇన్నేళ్ళుగా ఇంగ్లీషు మీదే బతుకుతున్నవాణ్ణి, నోరు తెరిస్తే ఒక్క మాట రాలేదు. చివరికి "పుల్లింగ్" అన్నాను. "మజిల్ పుల్లా?" అన్నాడాయన. కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, "కాదు, కాదు" అన్నాను. నా కంగారు చూసి ఆయన మంచినీళ్ళు తెప్పించాడు.

ఆ మాట నేనే ఒకప్పుడు ఇంకొకరికి అంటగట్టాను. ఈ అరబ్బు దేశానికి వచ్చిన కొత్తలో, మెసైమీర్ దగ్గర మా కంపెనీ క్యాంప్ ఆఫీసులో గుమాస్తాని. గోదావరి జిల్లా డిగ్రీ, మెడలో ఐడీ కార్డు, చల్లటి ఏసీ గది. మనిషికి పొగరెక్కడానికి ఇంతకన్నా ఏం కావాలి? తెలంగాణ కూలీలకి జబ్బు చేస్తే వాళ్ళ మాట క్యాంప్ డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పడం నా పని. వాళ్ళది తెలుగే కాదన్నట్టు ముఖం పెట్టి వినేవాణ్ణి. సెలవు రోజైన శుక్రవారం చర్చిలో మాత్రం రోగుల కోసం కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థించేవాణ్ణి. అప్పటి నా ఫొటో ఒకటుంది. చూసినప్పుడల్లా చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

జగిత్యాల నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద, అయినా నన్ను సారూ అనేవాడు. శ్లాబుకి ఇనప కడ్డీలు కట్టే పని. పొద్దున వంగితే మధ్యాహ్నం దాకా లేచేది లేదు. ఒక రోజు ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి గోడ మీద పెట్టుకుని వచ్చాడు.

"నడుములకెల్లి మడిమ దాంక గుంజుతాంది సారూ. కాలు మొద్దువారుతాంది. డాక్టర్‌కు జర మంచిగ చెప్పుండ్రి."

గుంజడమంటే లాగడం, లాగడమంటే పుల్. భోజనం వేళైంది, మెస్సులో ఆ రోజు చేపల పులుసు. కాలికి మజిల్ పుల్ అని డాక్టరుకి ఒక్క ముక్కలో తేల్చేశాను. నడుము మాట గానీ, మొద్దుబారడం సంగతి గానీ ఎత్తనేలేదు. ఆయన కాలికి పూసుకోమని ఒక ట్యూబు ఇచ్చి, రెండు రోజుల సెలవు రాశాడు. మూడోనాడు ఫోర్‌మన్ ఆ కాగితం చూసి, "నాటక్ మాఫీ. యల్లా, డ్యూటీ" అన్నాడు, నాటకాలొద్దు, పనికి పద అని. ఆ మహానుభావుణ్ణి తిట్టుకుని చాలాకాలం హాయిగా గడిపాను. కాగితం మీదున్నది నా మాటే.

అన్న మళ్ళీ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ డాక్టరుకి పాత మాటే అప్పజెప్పాను. నాలుగోసారి వచ్చినప్పుడు ఆయన ఒక కాలికి చెప్పు లేదు. దారిలో జారిపోయిందని ఆయనకే తెలియలేదు. అప్పుడు పెద్దాసుపత్రికి పంపారు. నడుము దగ్గర నరం చాలాకాలంగా నలిగిపోతూ ఉందనీ, ఆ పాదం ఇక సరిగ్గా పైకి లేవదనీ అక్కడ తేల్చారు. కంపెనీ ఇంటికి పంపేసింది. వెళ్ళే రోజు కాలు ఈడ్చుకుంటూ నా గదికి వచ్చి, "మీరైతే మంచిగనే చెప్పిండ్రు సారూ. నా నసీబే గిట్లున్నది" అన్నాడు. అవునన్నట్టు తల ఊపాను. ఛీ.

ఇప్పుడు నాకు నడుముకి బెల్టు, ఆఫీసులో ప్రత్యేకమైన కుర్చీ, ఇంట్లో వేణ్ణీళ్ళ కాపడం. మొన్న డాక్టరు "సమయానికి వచ్చారు" అని నా భుజం తట్టాడు. ఆ అన్న కూడా సమయానికే వచ్చాడు. నడుమ నేనున్నాను.