వరసలో మూడు పక్కటెముకలు

మలయాలో ఇంగ్లీషువాళ్లు ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో నేను సెలంగోర్‌లో ఒక ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. మా నాన్న రబ్బరు ఎస్టేటులో గుమాస్తా. తెలుగు కూలీలెవరైనా వస్తే అటు మాట ఇటు చెప్పడానికి దొర డాక్టరు నన్నే పిలిచేవాడు.

ఒకనాడు బటాంగ్ బెర్జుంటై వైపు నుంచి ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. పిల్లకి పంతొమ్మిదేళ్లు, రబ్బరు పాలు తీసే పని. మోకాలి పైన గట్టి వాపు. ఫిల్ము చూసి ఎముక క్యాన్సరన్నాడు డాక్టరు. కాలు తీసేస్తే బతికే అవకాశం ఉందని, ముందు ఛాతీ ఫిల్ము కూడా తీయమన్నాడు.

అందులో కుడివైపు మూడు పక్కటెముకల మీద తెల్లని ముద్దలు కనిపించాయి. రోగం పాకిపోయిందని, ఇక కాలు కోసి బాధపెట్టడం ఎందుకని, ఇంటికి పంపెయ్యమన్నాడు.

ఆ మాట చెప్పడానికి బయల్దేరి గుమ్మంలో ఆగిపోయాను. ఆ మూడూ ఒకదాని కింద ఒకటి, గీత గీసినట్టున్నాయి. క్యాన్సరు అంత వరసగా వస్తుందా? తల్లిని మందుల గదికి పంపి, పక్కకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని పిల్లని అడిగాను. తల్లి వెళ్లిన గుమ్మం వైపు ఓసారి చూసుకుంది.

అడవిలో ఉన్న తిరుగుబాటుదార్లకి తిండి అందకూడదని ఎస్టేటు కూలీల్ని ముళ్లకంచెల లోపలికి మార్చిన కాలం అది.

"కంచెలోకి తోలుకెల్లిన రోజు లారీ మీంచి ట్రంకుపెట్టె మీద పడిపోనానన్నా. పన్లోంచి తీసేస్తారని అమ్మకి కూడా సెప్పనేదు."

భయపడుతూనే డాక్టరుకి చెప్పాను. ఆయన కోప్పడలేదు. పక్క నుంచి ఇంకో ఫిల్ము తీయించి, వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. విరిగి అతుక్కున్న ఎముకలే. ఆ ప్రశ్న తను అడగాల్సిందని నెమ్మదిగా అన్నాడు. ఆ వారమే కాలు తీసేశారు.

మెర్డేకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చేనాటికి ఆమె ఆసుపత్రి ఇచ్చిన చంకకర్రలతో నడుస్తోంది. చేతిమిషను మీద ఎస్టేటు పిల్లలకి బట్టలు కుడుతోంది. మరుసటి ఏడు తీసిన ఫిల్ములో ఊపిరితిత్తుల నిండా గుండ్రటి మచ్చలున్నాయి. ఈసారి అడగడానికి ప్రశ్నేమీ లేదు.

"ఏటి కనపడిందన్నా? దాయకు," అంది.

చెప్పాను. ఎన్నాళ్లని అడిగితే తెలియదన్నాను. ఒప్పుకున్న జాకెట్లు నాలుగు ఇంకా కుట్టాల్సి ఉందని లేచింది. బస్సు దాకా వెంట వెళ్లాను.

వానలు మొదలయ్యాక తల్లి ఒక్కతే వచ్చింది. చంకకర్రలు శుభ్రంగా కడిగి, ఇంకెవరికైనా పనికొస్తాయని నా చేతికిచ్చింది.