మూడు రాళ్ల లారీ

మా ఎదురింటి పంతులమ్మ ఈ మధ్య కారు నేర్చుకుంటోంది. వనపర్తిలో ఇప్పుడు దానికీ ఒక బడి వచ్చింది. నెత్తిన బోర్డు పెట్టుకున్న చిన్న కారు, పక్క సీట్లో ఓపికగా ఒక కుర్ర గురువు. పొద్దున ఏడింటికల్లా మా వాకిటి ముందు మొదలవుతుంది. గేరు మార్చిన ప్రతిసారీ ఆ కారు పళ్లు కొరుకుతుంది. ఆ చప్పుడు వినగానే వరండాలో చాయ్ తాగుతున్న నా ఎడమ కాలు, నన్ను అడగకుండానే, నేలను రెండుసార్లు తొక్కుతుంది. ఒకసారి తొక్కి వదిలి, మళ్లీ ఒకసారి. "కాలు గుంజుతుందా ఏంది?" అంటుంది మా ఇంటావిడ. "ఆ, జర గుంజుతుంది" అంటాను. పెళ్లయిన నాటి నుంచి ఆమెకు చెప్పని సంగతి చాయ్ మధ్యలో చెప్పడం నావల్ల కాదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల మాట. మాది ఎడ్లబండ్ల ఇల్లు. నేనూ, మా అక్క భర్తా, అంటే మా బావా, వనపర్తిలో ఒక షావుకారు దగ్గర బండ్లు తోలేవాళ్లం. రైలు స్టేషన్లో దిగిన ఉప్పు బస్తాలు, బెల్లం, గాసునూనె డబ్బాలు తెచ్చి ఊరూరి అంగళ్లకు చేర్చడం మా పని. బావ నాకన్నా పదేళ్లు పెద్ద. చర్నాకోల ఆయన చేతిలో ఉండేది గానీ అది ఎద్దుల వీపు మీద పడగా నేను చూడలేదు. "హో" అని కాస్త వెనక్కి వాలి పగ్గాలు గుంజితే చాలు, అవి నిలబడేవి. నాకు బండి తోలడం నేర్పింది ఆయనే. ఏదీ దాచుకోకుండా నేర్పాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పబోయేది విని మీరు నన్ను తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఒకరోజు షావుకారు పాత లారీ కొనుక్కొచ్చి గోదాము ముందు నిలబెట్టి మమ్మల్ని పిలిచాడు. "ఇగ బండ్లు బంద్. మీ ఇద్దరిల ఎవడు ముందు నేర్సుకుంటె వాడే డ్రైవరు. ఒక నెల టైం ఇస్తున్న" అన్నాడు. కోళ్ల పందెం చూడబోతున్నవాడిలా నవ్వాడు కూడా. బాడుగ లేకపోతే ఎద్దులకు మేత ఎక్కడిది? బావ ఆ వారమే వాటిని ఖిల్లా ఘణపూర్ దారిలో ఉండే ఒక రైతుకు అమ్మేశాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అక్కకు మూడో కాన్పు నెలలు. నాకేమో శ్రీరంగాపూర్‌లో సంబంధం చూశారు. ఎద్దులు తోలేవాడికి పిల్లనివ్వం, లారీ తోలేవాడైతే చూస్తామన్నారు వాళ్లు. పిల్లను నేను ఒక్కసారే చూశాను, అదీ గుడి మెట్ల మీద, వెనక నుంచి. ఆ వయసులో అది చాలు.

నేర్పడానికి గద్వాల నుంచి ఒక ఉస్తాద్ వచ్చాడు. పొట్టి మనిషి, ఖాకీ కోటు, మోకాళ్ల మీద ఎప్పుడూ ఇంజను తిప్పే ఇనప రాడ్డు. ఇంజనుతో ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు, మనుషులతోనే మాట పెగిలేది కాదు. గేరు అరిచిందంటే రాడ్డుతో మా ఎడమ మడమ మీద ఒక్కటిచ్చేవాడు. ఎందుకు అరిచిందో మాత్రం చెప్పేవాడు కాదు. పెట్రోలుకు కరువు కాబట్టి రోజుకు తలా ఒక చుట్టే, అంగడి మైదానంలో. మేం నేర్చుకోవడం చూడటానికి జనం పల్లీలు తెచ్చుకుని మరీ కూర్చునేవాళ్లు. బావ లారీ ఆపాల్సి వస్తే అలవాటు కొద్దీ "హో" అని వెనక్కి వాలి స్టీరింగ్ చక్రాన్ని గుండెల మీదికి లాక్కునేవాడు. మైదానమంతా పడీపడీ నవ్వేది. "అరే, గిది ఎద్దు గాదురా. నీ మాట గిట్ల ఇనదు" అనేవాడు ఉస్తాద్, రాడ్డు లేపుతూ. సాయంత్రానికి ఇద్దరం కుంటుకుంటూ ఒకే దారిలో ఇంటికి పోయేవాళ్లం.

ఉస్తాద్ నడిపేటప్పుడు మాత్రం గేరు వెన్నలో కత్తి దిగినట్టు దిగేది. బావ ఎప్పుడూ ఆయన చేతినే చూసేవాడు. ఒకరోజు నా కన్ను కాలి మీద పడింది. ఆ కాలు క్లచ్చిని ఒకసారి తొక్కి, వదిలి, మళ్లీ తొక్కుతోంది. మధ్యలో ఇంజను చిన్నగా ఒక్క గర్జింపు. నేను చూడటం ఉస్తాద్ కూడా చూశాడు. లారీ ఆపి, బావ దిగి నీళ్లకు పోయాక అన్నాడు, "దొరికిందా నీకు? నోరు మూస్కో. నౌకరి ఒక్కటే ఉంది, యాది పెట్టుకో." మర్నాడు నా వంతులో గేరు అరవలేదు. బావ నా భుజం తట్టాడు. ఆయన ముఖంలో నిజంగానే సంతోషం ఉంది, అదే నన్ను ఇప్పటికీ తింటుంది.

నెల గడువు ఇంకా నాలుగు రోజులుందనగా అక్క అన్నానికి పిలిచింది. వెళ్లేసరికి బావ వాకిట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ల ముందు మూడు రాళ్లు. అవి క్లచ్చి, బ్రేకు, ఎక్సిలేటర్. కుడి చేతిలో పాత చాట, అది స్టీరింగ్. ఎడమచేతి పక్కన నేలలో పాతిన రోకలి, అది గేరు. నోటితో ఇంజను చప్పుడు చేస్తూ రాయిని ఒక్కసారి తొక్కి రోకలి వంచుతున్నాడు. పిల్లలు వెనక కూర్చుని హారన్ కొడుతున్నారు. నేను జొన్నరొట్టె తింటూ చూస్తున్నాను. ఒక్కసారే తొక్కుతున్నాడు. పదిసార్లు చూశాను, పదిసార్లూ ఒక్కసారే. అక్క పప్పు వడ్డిస్తూ, "తమ్మీ, నీకు మంచిగ వచ్చిందంట గద. ఈయన సక్కగ తొక్కుతుండా?" అని అడిగింది. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు రొట్టె మింగినంత సేపు కూడా పట్టదు. "సక్కగనే తొక్కుతుండు అక్కా" అన్నాను. ఆమె సంతోషపడి ఇంకో రొట్టె వేసింది. తిన్నాను.

పరీక్ష ఘణపూర్ దారిలో ఎత్తు మీద పెట్టారు, లారీ నిండా పల్లికాయ బస్తాలతో. ముందు బావ. సగం ఎత్తులో ఇంజను ఈడ్వలేకపోయింది. కింది గేరు వేయాలి. ఒక్కసారి తొక్కాడు, గేరు అరిచింది. మళ్లీ ఒక్కసారి, మళ్లీ అరుపు. లారీ ఆగి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. బావ రెండు చేతులతో చక్రాన్ని గుండెకు లాక్కుని "హో... హో..." అంటున్నాడు. అలాగే వెనక్కి వచ్చి పక్క గుంతలో ఒరిగింది. బస్తాలు పగిలి కాయలు దారంతా పడ్డాయి. షావుకారు కడుపు పట్టుకుని నవ్వాడు, జనం నవ్వారు. నేనూ నవ్వాను. లారీని లాగడానికి పక్క పొలం రైతు ఎద్దుల్ని తోలుకొచ్చాడు. అవి బావ అమ్మినవే. ఆయన దిగి వాటి మెడలు నిమిరి ఏదో అన్నాడు, అవి లాగాయి. తర్వాత నేనెక్కి అదే ఎత్తు అరుపు లేకుండా ఎక్కించాను.

నాకు నౌకరీ వచ్చింది, శ్రీరంగాపూర్ పిల్లా వచ్చింది. బావ నా లారీకే హమాలీగా కుదిరాడు. మొదటిసారి నాగర్‌కర్నూలుకు ఉప్పు తీసుకుపోతుంటే వాన పడి, బస్తాల మీది నుంచి దిగి నా పక్కన కూర్చున్నాడు. ఒక ఎత్తు వచ్చింది. నేను గేరు మార్చాను. ఆయన నా కాలు చూశాడు. ఎత్తు దాటాక అన్నాడు, "రెండుసార్లు తొక్కుతవు." నేను దారి మీదే చూపు పెట్టాను. "నేను రాళ్ల మీద ఒక్కసారే తొక్కిన. నువ్వు రొట్టె తినుకుంట జూసినవు గద." అంతే. అక్కకు ఆయన చెప్పినట్టు లేదు, చివరిదాకా ఆమె నాకు రొట్టెలు కట్టి ఆయన చేతికే ఇచ్చి పంపింది. ఆ రోజు తర్వాత ఆయన నన్ను బామ్మర్దీ అని పిలవలేదు. పోయేదాకా "డ్రైవర్ సాబ్" అనే పిలిచాడు. తర్వాతి కాలంలో నేర్పమని ఎందరో వచ్చారు. ఎవరికీ నేర్పలేదు.

ఈ పొద్దున ఎందుకో ఉండబట్టలేక వాకిట్లోకి వెళ్లి పంతులమ్మ కారు అద్దం తట్టాను. "రెండుసార్లు తొక్కాలె బిడ్డా. ఒకసారి తొక్కి ఇడిచి, మల్ల తొక్కాలె" అన్నాను. ఆమె గురువు వైపు చూసింది, అతను నవ్వు ఆపుకున్నాడు. "గిప్పటి బండ్లకు గట్ల అవసరం లేదు తాతా. ఒక్కసారి సాలు, పూర్తిగ తొక్కాలె గంతే" అన్నాడు. పంతులమ్మ ఒక్కసారి గట్టిగా తొక్కి గేరు వేసింది. అది చప్పుడు లేకుండా పడింది. నేను వరండాలోకి వచ్చి చల్లారిన చాయ్ ముందు కూర్చున్నాను. ఇంతకాలం దాచిన ఆ మాటతో ఇప్పుడు ఎవరికీ పని లేదు. బావకు దానితో పని పడింది ఒక్క నెల, ఆ నెలంతా నేను ఆయన పక్కనే ఉన్నాను.