బొట్టు పెట్టిన ఫ్లాష్

కళ్యాణదుర్గంలో చిరకాలంగా పెండ్లి ఫోటోలు తీస్తున్న కుళ్ళాయప్పకు తన పరికరాల మీద ఉన్న శ్రద్ధ, అర్చకునికి పూజాపాత్రల మీద ఉండే శ్రద్ధ వంటిది. కెమెరా నెత్తిన అమర్చే ఫ్లాష్‌ను ఆయన ఎన్నడూ పూర్తి బలంతో వరుసగా మెరిపించడు. నడుమ నడుమ దానికి విశ్రాంతినిస్తాడు; వేసవిలో ఆ విరామాన్ని మరింత పొడిగిస్తాడు.

ఆ వైశాఖమాసపు పెండ్లిలో మాత్రం నియమం తప్పింది. పెండ్లికూతురి తల్లి శాంతమ్మ పందిట్లోని ప్రతి వస్తువుకూ గంధకుంకుమలు అద్దుతూ వచ్చి, ఫ్లాష్‌కు సరిగ్గా వెలుగు వెలువడే పలక మీదనే బొట్టు పెట్టింది. మంగళద్రవ్యాన్ని తుడవడానికి కుళ్ళాయప్పకు చేయి రాలేదు. బొట్టు అడ్డుపడి వెలుగు మందగించగా, బలం పెంచాడు. బంధువులు గుంపులు గుంపులుగా వచ్చి నిలబడుతుంటే విరామమన్నది లేకపోయింది.

ముహూర్తం సమీపించింది. కమురువాసన. చూస్తే, కుంకుమ నల్లబడి, కరుగుతున్న ప్లాస్టిక్ పలకలోకి దిగుతోంది. వేడిని హెచ్చరించే గుర్తు వెలుగుతోంది. భక్తితో అద్దినదైనా అగ్ని తన ధర్మాన్ని విడువదు కదా! ఇంకొన్ని మెరుపులకే ఫ్లాష్ శాశ్వతంగా చెడవచ్చు. వేరొకటి లేదు. మాంగల్యధారణ మళ్లీ రాదు.

"అమ్మా, ఈ బొట్టు నీ చేత్తోనే తుడుచమ్మా. కాలిపోతాంది."

"ఏమప్పా, మతి ఉండాదా నీకు? బిడ్డ పెండ్లినాడు నేను బొట్టు తుడిచేదా?"

కుళ్ళాయప్ప ఫ్లాష్ ఆపి, విప్పి, నీడన పెట్టాడు. తక్కువ వెలుతురునైనా పట్టుకునేట్టు కెమెరాను సవరించాడు. అయినా, వడగాలి రాకుండా చుట్టూ తెరలు కట్టిన పందిట్లో చీకటే.

"పక్క తెర ఎత్తండన్నా! ఎండ లోపలికి రానీండి!" అని కుళ్ళాయప్ప అరిచాడు.

"వద్దు, వద్దు! వడగాలికి దీపం కొండెక్కుతాది!" అని పురోహితుడు కేక వేశాడు.

పెండ్లికూతురి తండ్రి ఈరప్ప ఒక్క క్షణం తటపటాయించాడు. గట్టిమేళం మొదలైంది.

"ఎత్తండ్రా! దీపానికి నేను అడ్డం నిలబడతా," అంటూ ఉత్తరీయం రెండు చేతులా విప్పి పట్టుకున్నాడు.

తెర లేచింది. నిప్పులాంటి గాలి దూసుకువచ్చింది. దీపం వణికింది, నిలిచింది. కుళ్ళాయప్ప ఊపిరి బిగబట్టి, మూడు ముళ్లూ పడేదాకా మీట నొక్కుతూనే ఉన్నాడు.

అక్షతలు ఇంకా రాలుతుండగానే శాంతమ్మ పరుగున వచ్చింది. "మెరుపే రాలేదే! ఫోటో పడిందా లేదా?"

అతడు కెమెరా తెరను ఆమె వైపు తిప్పాడు. వెలుతురు చాలక చిత్రమంతా ఇసుక చల్లినట్టుంది; ఎండ ఒక పక్కనుంచే పడి, అవతలి పక్కవారి ముఖాలు నీడలో నల్లబడ్డాయి. ఆమె కండ్లు చిట్లించి చాలాసేపు చూసింది.

"నా మొగం మసి పూసినట్టుండాది," అంది చివరకు. "తాళి అయితే బాగా కనపడతాంది. సాలు లేప్పా."