దిద్దిన తప్పు

తొంభైల చివర్లో, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సులో కూర్చుని ఏడో తరగతి పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. తమను తాము పరిశీలించుకునే అలవాటు రావాలని, రోజూ తాము చేసిన ఒక తప్పును రాయమని నేనే వాళ్లకు చెప్పాను. ఖాళీ టమాటా గంప ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్న పెద్దావిడ నా చేతిలోని పుస్తకం వైపు చూసింది.

"ఏం రాసినారప్పా, రోంత సదువు."

ఒక అమ్మాయి రాసింది చదివాను. "నిన్న నాయన అమ్మను కొట్టినాడు. నేను కండ్లు మూసుకోని నిద్రపోయినట్టు పడుకున్నాను. అదే నా తప్పు."

ఆమె నా ఎర్రగీత మీద వేలు పెట్టింది.

"ఈడ యాల కొట్టేసినావు?"

"కండ్లు అని రాసిందమ్మా. కళ్ళు అని దిద్దినా."

"మనం అనేది కండ్లే కదప్పా. సరే, ఆ బిడ్డకేం సెప్పినావు?"

పుంగనూరులో ఆమె దిగిపోయేదాకా నేను మిగతా పుస్తకాలు దిద్దుతూ కూర్చున్నాను. మరునాడు సంతకం పెట్టి పుస్తకం ఇచ్చేశాను.

ఆ వారమే ఆ అమ్మాయి మళ్లీ రాసింది. "నిన్న కూడా కళ్ళు మూసుకున్నాను."

ఈసారి దిద్దడానికి ఏమీ లేదు.