నాలుగు దాటాక ఆగే ఫ్యాను

లో బీయున్‌కి యాభై ఎనిమిదేళ్లు. కీలుంగ్ రేవు వెనక, కొండమీదికి పోయే మెట్ల కింద ఆమె కొట్టు. తను పనిచేస్తున్న రేడియోల ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు చేతిలో మిగిలింది వైర్లు అతికే సోల్డరింగ్ పని ఒక్కటే. దాంతోనే ముప్పై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతుకుతోంది. ఆ ఊళ్లో వాన తెరిపివ్వదు. తడికి దుమ్ము బంకలా పట్టేసి మిషన్లకి ఊపిరాడనివ్వదు. వేడెక్కి ఆగిపోయే కంప్యూటర్లు ఆమె దగ్గరికి వారానికి నాలుగైనా వస్తాయి.

కాంగ్ పెద్దాయన తెచ్చిందీ అలాంటిదే అనుకుంది. రేవులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, ఎనభై దాటాయి. పాత కంప్యూటరు డబ్బాని చక్రాల సంచీలో ఈడ్చుకుంటూ వచ్చాడు.

"రోజూ సాయంత్రం నాలుగు దాటగానే ఆగిపోతోంది, ఆ-యున్." బీయున్‌ని ఆయన ముద్దుగా అలాగే పిలుస్తాడు.

"సరిగ్గా నాలుక్కేనా పెదనాన్నా? ఇదీ మీలాగే రేవులో పనిచేసిందా ఏంటి, డ్యూటీ టైం చూసుకుంటోంది!"

ఆయన నవ్వలేదు.

ఆమె దుమ్మంతా ఊదేసింది. చిప్పు వేడిని లాగే పేస్టు ఎండి పెళ్లలు కడితే గీకి, కొత్తది రాసింది. కొట్లో మూడు రోజులు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడిపినా ఒక్కసారీ ఆగలేదు. ఇంటికి పంపిన మర్నాడే ఫోను: "మళ్లీ పోయింది." ఫ్యాను మార్చింది. మళ్లీ ఫోను. "నువ్వే ఓసారి ఇంటికి రా తల్లీ."

బీయున్ కొట్టు మూసి, సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కింది. ముందుగదిలో కిటికీ పక్కన కంప్యూటరు, దాని పైన గోడకి ఆయన భార్య ఫొటో. ఆవిడ పోయి ఏడాదైంది. రేవుకొచ్చిన ఓడల పేర్లన్నీ గుర్తున్నంతవరకూ టైపు చేయడం పెద్దాయన పని.

డబ్బా మూత తీసి పక్కన కూర్చుంది. మూడింటికి వేడి నలభై ఎనిమిది డిగ్రీలు. ఆయన టైపు చేస్తున్నాడు. నాలుగూ అయిదుకి ఫ్యాను నెమ్మదించి, ఆగింది. వైరేదీ అడ్డు లేదు. మీటరు పెట్టి చూసింది, కరెంటు వస్తూనే ఉంది. స్క్రూడ్రైవరు కొసతో రెక్కని నెట్టింది. రెక్క కాస్త కదిలి, వెనక్కి వచ్చేసింది, ఎవరో వేలితో పట్టుకున్నట్టు. వేడి డెబ్బై, ఎనభై. అంతలో డబ్బాలోంచి వాసన, కీళ్లనెప్పులకి రాసుకునే పిప్పర్మెంటు తైలం వాసన.  తెర నల్లబడింది.

పెద్దాయన తల తిప్పకుండానే అడిగాడు. "వాసనొచ్చిందా?"

"వచ్చింది."

"నీకూ వస్తుందో లేదో చూద్దామనే పిలిచా. మా ఆవిడ వేళ్లకి రాసుకునే తైలం అది." గోడమీది ఫొటో వైపు చూశాడు. "నాలుగయ్యేసరికి వంటింట్లోంచి కేకేసేది, కళ్లు పోతాయ్, ఇక కట్టెయ్ ముసలోడా అని. నేను విన్లేదెప్పుడూ. ఓ రోజు కేక వినపడలేదు. అదీ మంచిదేలే అనుకుని ఆరింటిదాకా టైపు కొట్టుకుంటూ కూచున్నా. వంటింట్లో పడిపోయి ఉంది ఆ-యున్. నాలుగప్పుడే పడిందని చెప్పారు డాక్టర్లు."

బీయున్ మూత బిగించి, మరలు ఒక్కొక్కటే తిప్పింది.

"రేపట్నుంచి నాలుగు కొట్టగానే మీరే కట్టేయండి పెదనాన్నా."

"అంతేనా రిపేరు?"

"నాకు తెలిసింది అంతే."

వారం రోజులు ఫోను రాలేదు. మనసాగక తనే వెళ్లింది. పెద్దాయన టీ పోసిచ్చి, గడియారం చూసుకుని, నాలుక్కి చేత్తో కంప్యూటరు ఆపేశాడు. గోడ దగ్గర ప్లగ్గు కూడా పీకేశాడు. గాలి ఆడాలని మూత తీసే ఉంచాడు. లోపల ఫ్యాను పూర్తిగా ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. తొందరేమీ లేనట్టు రెండు చుట్లు తిరిగింది.

ఇద్దరూ చూశారు.  పెద్దాయన మూడో గ్లాసు తెచ్చి, అందులోనూ టీ పోశాడు.