ట్రంకు పెట్టె పాట, నా గుండె దడ

దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలో మా కాలనీ ఆడవాళ్లు నా పాట పాడుతున్నారు. తెలంగాణ కోసం చౌరస్తాకొక టెంట్ వేసిన రోజులవి. ఒక చరణం దగ్గరికి రాగానే జనం ఈలలు వేసి, "మళ్లొక్కసారి" అన్నారు. వాళ్లు రెండోసారి అందుకోగానే నా గుండె దడదడలాడింది. చేతులు తిమ్మిరెక్కాయి. జాకెట్టంతా చెమటతో తడిసింది. ఎండ దెబ్బ అనుకొని నీళ్లు తాగి, బస్సెక్కి ఎల్బీనగర్‌లోని ఇంటికి వచ్చేశాను.

నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. పాట కట్టడం వచ్చు, గబగబా రాయడం రాదు. పొద్దున చాటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతూ పాడుకుంటుంటే, పక్క పోర్షన్ రత్నం ఎదురుగా పీట వేసుకొని రాసిపెట్టేది. అదీ పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు. కొత్త నోట్‌బుక్ కొంటానంటే నేనే వద్దనేదాన్ని. ఆమెది గుంటూరు వైపు. పదిహేనేళ్లుగా నా పాట మొదట వినేది ఆమే. నేను వదినె అంటే ఆమె వదినా అనేది.

ఒక్క ట్రంకు పెట్టెతో దిగినోళ్లు ఊరంతా మాదే అన్నారని ఆ చరణం. ఆ పెట్టె నేను ఊహించింది కాదు. పెళ్లయిన కొత్తలో ఒక్క ట్రంకు పెట్టె, చంకలో బిడ్డతో ఈ ఊళ్లో దిగామని, ఇల్లు దొరక్క నానా అవస్థ పడ్డామని రత్నమే ఒకసారి నాతో చెప్పుకుంది. అది రాసేటప్పుడు ఆమె కలం ఆగింది.

"ఇది ఉండాలా వదినా?"

"ఉండాలె. గా మాటకు జనం ఎగురుతరు చూడు."

రాసింది. ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలు. కాగితం నా చేతికిచ్చి లేచి వెళ్లింది. తెల్లారి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. గోడ అవతల ఆమె కుక్కర్ విజిల్ వినబడేది, అంతే.

శిబిరంవాళ్లు రోజుకో పాట అడిగేవారు. చాట ముందు కూర్చుంటే చాలు, దడ మొదలయ్యేది. కోడలు కవిత దవాఖానకు తీసుకుపోయింది. ఈసీజీ తీశారు. టూడీ ఎకో, థైరాయిడ్ టెస్టు కూడా చేశారు.

"అన్నీ నార్మలే అమ్మా. ఏమన్నా టెన్షన్ ఉందా?" అంది డాక్టరమ్మ.

"నాకేం టెన్షన్? తింటున్న, పంటున్న."

నాకు నిద్ర పట్టడం లేదని కవిత చెప్పబోతే కళ్లతోనే ఆపాను. డాక్టరమ్మ నెలకు మాత్రలు రాసింది. తగ్గలేదు. మళ్లీ వెళితే మాత్రల అట్ట చూసి, "ఇన్ని ఎట్ల మిగిలినయ్?" అంది.

"సగం సగం ఇరిసి ఏస్కున్న. ఉత్తగ ఖరాబ్ చేసుడెందుకు?"

"అత్తమ్మా, అది సబ్బు బిళ్లనా, అరగదీసి వాడనీకె!" అంది కవిత. డాక్టరమ్మ నవ్వింది. టెన్షన్ సంగతి మళ్లీ అడిగింది. మళ్లీ లేదన్నాను.

మూడోసారి ఆమె ఇంకోరకంగా అడిగింది. "ఈ దడ ఏం పని చేసేటప్పుడు వస్తుంది?"

"బియ్యం ఏరేటప్పుడు."

"బియ్యానికి దడెందుకమ్మా?"

ఇక దాచలేకపోయాను. పాట, పెట్టె, రత్నం, అంతా చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకొని విన్నది. "దీన్ని పానిక్ అటాక్ అంటరు. మీ గుండె మంచిగనే ఉంది. మందు నేనిస్త. ఆమె ఇంటికి పోవుడు మాత్రం మీ పని."

రత్నం వాళ్లు అప్పటికి వారం కిందే వనస్థలిపురం మారిపోయారు. సామాను ఎక్కిస్తుంటే కిటికీ చాటు నుంచి చూశానే గాని బయటికి రాలేదు.

ముందు శిబిరానికి పోయి ఆ చరణం పాడొద్దన్నాను. "ఏందమ్మా, పాటకు గదే పానం! ఇప్పుడు అందరి నోట్ల పడ్డది" అన్నారు. అక్కడి నుంచి రత్నం ఇంటికి పోయాను.

"రండి, కూర్చోండి" అంది. వదినా అనలేదు.

"గా చరణం తీసేసిన."

"మీరు తీసేశారు. నిన్న మా సందులో ఊరేగింపువాళ్లు అదే పాడుకుంటూ వెళ్లారండీ."

కాఫీ ఇచ్చింది. గదిలో ఆ ట్రంకు పెట్టె మీదే టీవీ పెట్టుకున్నారు. నేను అటు చూడటం ఆమె చూసింది. కాఫీ తాగి లేచాను.

ఆరు నెలలు మాత్రలు విరవకుండా వేసుకున్నాను. తర్వాత డాక్టరమ్మే మెల్లగా తగ్గించి ఆపింది. తెలంగాణ వచ్చింది. దడ ఇప్పుడు ఎప్పుడో ఒకసారి వస్తుంది. వస్తే చాట పక్కన పెట్టి వాకిట్లో నాలుగడుగులు నడుస్తాను. అడిగినవాళ్లకల్లా పాట కట్టడం మానేశాను. కట్టినదాన్ని నేనే కూడబలుక్కుని రాసుకుంటాను. ఒక్క చరణానికి పొద్దంతా పడుతుంది. అంతసేపు పట్టేసరికి అందులో ఎవరి బతుకు ఉందో నాకే కనబడుతుంది. రత్నం పీట ఇప్పటికీ ఎదురుగానే వేస్తాను.

పాటలు, కథలు రాసేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. టెన్షన్ ఉందా అని డాక్టర్ అడిగితే మొదటిసారే ఉన్నది చెప్పండి. నాకు మూడోసారికి గాని నోరు పెగలలేదు. అప్పటికే పక్క పోర్షన్‌కు తాళం పడింది.